కళాశాల రేడియోలూ, మన షోలాపూర్ తెలుగూ

ఈ వ్యాసానికి మూలం ఒక విద్యార్థిని అడిగిన చిన్న ప్రశ్న. ఆ మధ్య తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను. ఇంటిలోని పెద్దవారిని ఎవరినైనా కూర్చోబెట్టి, వారి వృత్తిని గురించి పది నిమిషాలు మాట్లాడించి, ఆ సంభాషణను సెల్‌ఫోనులో రికార్డు చేసి తెమ్మన్నాను. అందరూ తలలు ఊపారు. ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడి అడిగింది: "సార్, ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడాల్నా, పుస్తకంల ఉన్నట్టు చదవాల్నా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. పిల్లల పరీక్షపత్రాలలో 'ఇంట్ల' అని కనబడినప్పుడల్లా ఎర్రసిరాతో 'ఇంటిలో' అని దిద్దుతూ వచ్చినవాడిని. వ్రాతలో ఆ దిద్దుబాటు సబబే కావచ్చు. కాని మాటలో? చెవికి చేరవలసిన తెలుగు ఏది అన్న ప్రశ్నను మన పాఠశాలలకంటే ముందుగా, మనకంటే తీవ్రంగా ఎదుర్కొన్నది రేడియో. అందుచేత సమాధానం కోసం రేడియో చరిత్రను తిరగవేశాను. అక్కడ కనిపించిన సంగతులను మీ ముందు పెడుతున్నాను.

షోలాపూర్‌తో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1877లో వెలిసింది. దానికి ముందూ వెనుకా నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుండి, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుండి, పద్మశాలీ కుటుంబాలు కరవులకూ అప్పులకూ తాళలేక తరలివచ్చాయి. నగరపు తూర్పు భాగంలోని పేఠలన్నీ వారివే. సాఖర్ పేఠలోనో భద్రావతి పేఠలోనో ఒక సందులోకి వెళ్ళి నిలబడండి. మహారాష్ట్రలో ఉన్నామన్న సంగతి దుకాణాల మీది అక్షరాలు చెప్పాలి తప్ప చెవులు చెప్పవు. నగరపాలక సంస్థ మరాఠీ, ఉర్దూ, కన్నడ బడులతోపాటు తెలుగు బడులనూ నడుపుతూ వచ్చింది. బాలభారతి తెలుగులో పాఠ్యపుస్తకాలు ముద్రిస్తుంది. అయినా తెలుగు మాధ్యమంలో చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోవడం మనలో ఎవరికీ కొత్త విషయం కాదు. మిగిలిన పిల్లలకు రెండు తెలుగులు. పుస్తకంలోది ఒకటి, ఇంటిలోది మరొకటి. ఆ రెండవదానిలో తెలంగాణ పలుకుబడి ఉంది, దానిపైన నాలుగైదు తరాల మరాఠీ కలిసింది. మిల్లు 'గిరణి' అయింది, మరమగ్గం 'యంత్రమాగ్' అయింది. పిల్లలు ఈ రెండవ తెలుగును తప్పు తెలుగు అనుకుంటున్నారు. అలా అనుకొనేటట్లు చేసింది ఎవరు అంటే, నావంటి ఉపాధ్యాయులే.

ఇక రేడియో. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ఆరంభమైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. మద్రాసులో తెలుగు మాట గాలిలోకి ఎక్కేనాటికి గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికోద్యమం బలపడి ఉంది. గ్రాంథికం చదివితే శ్రోత రేడియో కట్టేస్తాడన్న భయం కూడ ఆ ఉద్యమానికి తోడ్పడి ఉంటుందని నా ఊహ. ఏమైతేనేం, మైకు ముందు వ్యావహారికం గెలిచింది. అయితే గెలిచిన వ్యావహారికం ఎవరిది? కోస్తా జిల్లాలలో చదువుకున్నవారిది. అది సొగసైన భాష, కాదనను. నా తరంవారు ఉచ్చారణ నేర్చుకున్నది దానిని వినే. కాని ఆ భాష మా పేఠలలో ఎవరి ఇంట్లోనూ లేదు.

మన పూర్వులు విడిచివచ్చిన హైదరాబాదు రాజ్యంలో కథ వేరు. అక్కడ ఒక ఔత్సాహికుడు చిన్న యంత్రంతో మొదలుపెట్టిన ప్రసారాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకొని దక్కన్ రేడియోగా నడిపింది. రాజభాష ఉర్దూ కనుక రేడియో భాష కూడ ప్రధానంగా ఉర్దూయే. రాజ్యంలో అత్యధికుల భాష అయిన తెలుగుకు దక్కినది ఒక మూల. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. అప్పటి నుండి హైదరాబాదు కేంద్రంలో తెలుగుకు పెద్ద పీట పడిందిగాని, పీట మీద కూర్చున్న తెలుగు చాలాకాలం విజయవాడ తెలుగును పోలినదే.

విద్యార్థులు మైకు దగ్గరకు రావడం 'యువవాణి'తో మొదలైంది. 1969 జూలైలో ఢిల్లీలో ఆరంభమైన ఈ విభాగం తరువాత ఇతర కేంద్రాలకూ వ్యాపించింది. కళాశాల కుర్రవాళ్ళు వచ్చి కవిత చదివేవారు, చర్చలో పాల్గొనేవారు, పారితోషికం తీసుకొని వెళ్ళేవారు. మంచి పని. కాని యంత్రమూ సమయపట్టికా వస్తునిర్ణయమూ కేంద్రం చేతిలోనే ఉండేవి. విద్యార్థి అక్కడ అతిథి.

ఇక్కడ కొంచెం పక్కకు వెళతాను, మన్నించండి. మాధ్యమ తరంగాలకు ఒక గుణం ఉంది. చీకటి పడ్డాక అవి ఆకాశంలోని అయనోస్ఫియరు పొరను తాకి వెనుకకు వంగి, వందల కిలోమీటర్ల దూరంలో దిగుతాయి. హైదరాబాదు 738 కిలోహెర్ట్‌జ్ ప్రసారం పగటిపూట షోలాపూర్‌లో దొరకడం కష్టం. రాత్రి అయితే, గరగర మధ్యనుండి అయినా సరే, సుమారు 300 కిలోమీటర్లు దాటి మా గుంటమగ్గాల దగ్గరకు వచ్చేది. రాష్ట్ర సరిహద్దు సంగతి తరంగానికి తెలియదు. తరువాత ఎఫ్.ఎం. వచ్చింది. ధ్వని స్వచ్ఛం, గరగర లేదు; అయితే అది కనుచూపు మేరకు మించి పోదు. ఊరి రేడియో ఊరిలోనే ఆగుతుంది. సరిహద్దు అవతల ఉన్న తెలుగువాడికి ఈ మార్పు లాభం కాలేదు. అందరూ ఎఫ్.ఎం.కు మళ్ళాక హైదరాబాదు మన చెవులకు దూరమైంది. ఇప్పుడు ఆకాశవాణి వారి యాప్ ద్వారా ఏ తెలుగు కేంద్రాన్నైనా ఫోనులో వినవచ్చు. వినడానికి కొరత తీరింది. మాట్లాడడానికి మాత్రం చోటు లేదు. కళాశాల రేడియో ప్రసక్తి వచ్చేది ఇక్కడే.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తగాదా క్రికెట్ పోటీల ప్రసార హక్కులది. బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖకూ మధ్య నడిచినది. కాని తీర్పు క్రికెట్‌ను దాటిపోయింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని ప్రజాప్రయోజనం కోసం వినియోగించాలనీ న్యాయస్థానం చెప్పింది. ఆ ధర్మాసనంలో మరాఠీవారైన జస్టిస్ పి.బి. సావంత్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఇద్దరూ ఉన్నారు. మరాఠీ తెలుగుల మధ్య బతికే మనకు ఈ వివరం కొంచెం ముచ్చట గొలుపుతుంది.

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపులు తెరచుకోలేదు. ఏడేళ్ళ తరువాత, 2002 డిసెంబరులో, పేరున్న విద్యాసంస్థలకు మాత్రం సొంత రేడియో పెట్టుకొనే అనుమతి వచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం 'అన్నా ఎఫ్.ఎం.'ను ఆరంభించింది. దేశంలో విద్యాప్రాంగణపు సామాజిక రేడియోలకు అది మొదటిది. అదే కాలంలో మన తెలుగునాట జరిగినది చూడండి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో 'మన రేడియో' పేరుతో తమ ఊరికి తాము ప్రసారాలు మొదలుపెట్టారు. లైసెన్సు లేదన్న కారణంతో 2003 ఆరంభంలో అధికారులు దానిని మూయించారు. చదువుకున్నవారికి ఆకాశం తెరిచి, చదువులేనివారికి మూసిన ఆ నియమం 2006 నవంబరులో మారింది. అప్పటి నుండి స్వచ్ఛంద సంస్థలూ అర్హులయ్యాయి.

ఆ 2006 విధానాన్ని ఉపాధ్యాయులు ఒకసారి చదవాలి. ప్రసారశక్తి సాధారణంగా 100 వాట్లు. స్తంభం ఎత్తు 30 మీటర్లకు మించరాదు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. సొంతంగా వార్తలు చెప్పరాదు. ఈ నిబంధనల నడుమ ఒక వాక్యం ఉంది: కార్యక్రమాలు స్థానిక భాషలో, స్థానిక మాండలికాలలో ఉండడం మేలు అని. రాష్ట్రభాషలో అని అనలేదు, ప్రామాణిక భాషలో అని కూడ అనలేదు. నేను ఎర్రసిరాతో కొట్టివేస్తున్నదానినే ఢిల్లీ ప్రభుత్వం కోరి అడుగుతున్నదన్నమాట.

ఆ వాక్యానికి ప్రాణం పోసినవారు మన దారిలోనే ఉన్నారు. షోలాపూర్ నుండి హైదరాబాదుకు బస్సులో వెళ్ళేటప్పుడు మీరు జహీరాబాదు దాటుతారు. అక్కడికి దగ్గరలోని మాచనూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' 90.4 మెగాహెర్ట్‌జ్ మీద ప్రసారం ఆరంభించింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతుల రేడియో అది. ఆరంభించినవారు 1995 తీర్పు వ్రాసిన జస్టిస్ సావంత్‌గారే. యునెస్కో సాయంతో వారి రికార్డింగు గది 1990ల చివరికే సిద్ధమైంది. లైసెన్సు రాలేదు. ఇంచుమించు పదేళ్ళపాటు ఆ మహిళలు కార్యక్రమాలను క్యాసెట్లపై రికార్డు చేసి, సంఘాల సమావేశాలలో వినిపిస్తూ వచ్చారు. లైసెన్సు లేని ఆ పదేళ్ళే వారికి కళాశాల అయిందని నేను అంటాను. నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మలే: ఒకరు 'జనరల్' నర్సమ్మ, మరొకరు ఆల్గోలు నర్సమ్మ. విత్తనాలు, పంటలు, పాటలు, పండుగలు, పశువుల జబ్బులు. అన్నీ వారి ఊరి తెలుగులోనే. కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు కలిసిన ఆ సరిహద్దు తెలుగు మన పేఠల తెలుగుకు దగ్గరి చుట్టం. అంతటి శ్రోతలు ఆ భాషను ఎగతాళి చేయడానికి కాక వినడానికి విన్నారు.

అదే దారి చివర, గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కమ్యూనికేషన్ విభాగపు ఆచార్యులు వినోద్ పావరాల, కాంచన్ మలిక్ దేశంలోని సామాజిక రేడియో ఉద్యమాన్ని అధ్యయనం చేసి 2007లో 'అదర్ వాయిసెస్' అన్న పుస్తకం ప్రచురించారు. అంటే, మాచనూరువంటి చోట్ల నేర్చుకున్నది ముందు పుస్తకమయింది. ఆ తరువాత 2011లో వారి ప్రాంగణంలో 'బోల్ హైదరాబాద్' 90.4 ఎఫ్.ఎం. మొదలయింది. పల్లె ముందు, విశ్వవిద్యాలయం వెనుక. చదువు పైనుండి కిందికి పారుతుందని పాఠం చెప్పే మనకు ఈ క్రమం గుర్తుండడం మంచిది. 'బోల్' అంటే మాట్లాడు. విద్యార్థులు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలలో కార్యక్రమాలు తయారు చేస్తారు. తెలుగు రాని విద్యార్థి పక్కన తెలుగు విద్యార్థి కూర్చుంటాడు. ఎవరి భాష ఎవరికీ అతిథి కాదు.

ఇటువంటి కేంద్రంలో విద్యార్థి నేర్చుకొనేది ఏమిటి? రికార్డరు పట్టుకోవడం, కంప్యూటరులో శబ్దాన్ని కత్తిరించి అతకడం ఒక వారంలో వస్తాయి. ఎక్కువకాలం పట్టేవి వేరే ఉన్నాయి. చెవి కోసం వ్రాయడం మొదటిది. కంటితో చదివేవాడు వాక్యం అర్థం కాకపోతే వెనుకకు వెళతాడు, వినేవాడు వెళ్ళలేడు. క్త్వార్థకాలు నాలుగు గుచ్చి చివర ఒక క్రియ పెట్టే మన పరీక్షా వాక్యం మైకు ముందు ఊపిరి ఆడక చచ్చిపోతుంది. రెండవది, ఎదుటివారు మాట్లాడుతూ ఉన్నప్పుడు మౌనంగా ఉండడం. మూడవది, మాట్లాడినవారి అనుమతి తీసుకొని, వారి మాటను వారి అర్థం చెడకుండా కత్తిరించడం. ఈ మూడింటిలో ఏదీ మన ప్రశ్నపత్రంలో లేదు. మూడూ భాషాబోధనే.

ఇక మన పేఠలకు రేడియో ఎందుకు అన్న ప్రశ్న. మరమగ్గాల కార్ఖానాలో రేడియో పనికిరాదు. ఆ చప్పుడులో పక్కవాడి మాటే వినబడదు. చెవులతో పని లేనివాళ్ళలాగా మన చాదర్లవాళ్ళు చేతిసైగలతో మాట్లాడుకుంటారు. మగ్గం గుంటలో కూర్చుని నాడె విసురుతూ రేడియో వినే కాలం పోయింది. కాని అదే ఇంటి అరుగు మీద, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టే అక్కలను చూడండి. చేతులకు తీరిక లేదు, కళ్ళకు తీరిక లేదు. చెవులు మాత్రం ఖాళీ.

ఈ సంగతిని లోకం ఎప్పుడో కనిపెట్టింది. క్యూబా రాజధాని హవానాలో 1865లో చుట్టల కార్ఖానాలలోకి ఒక పాఠకుడు ప్రవేశించాడు. పనివాళ్ళు తమ కూలిలో నుండి తలా కొంత వేసుకొని అతనికి జీతం ఇచ్చేవారు. అతను ఎత్తయిన పీట మీద కూర్చుని పత్రికలూ నవలలూ పైకి చదివేవాడు. చదువు వింటే పనివాళ్ళు చెడిపోతారని స్పెయిన్ పాలకులు మరుసటి ఏడే నిషేధించారు. ఆచారం మాత్రం నిలిచింది. మన దేశంలో కేరళలోని కణ్ణూరు ప్రాంతపు బీడీ కార్ఖానాలలో కూడ ఇదే పద్ధతి ఉండేది. ఒకరు పత్రిక చదువుతుంటే, ఆ సమయంలో వారు చుట్టవలసిన బీడీలను మిగిలినవారు చుట్టి ఇచ్చేవారు. మన షోలాపూర్‌లో ఆ వీలు లేదు. ఇక్కడ బీడీ ఇంటిలో చుడతారు, లెక్క అప్పజెప్పడానికే కార్ఖానాకు వెళతారు. వేల ఇళ్ళకు వేలమంది పాఠకులను పంపలేము. 100 వాట్ల రేడియో పంపగలదు. దాని పరిధి ఇంచుమించు పది కిలోమీటర్లు అనుకున్నా, తూర్పు భాగపు పేఠలన్నీ అందులో ఇముడుతాయి. 2006లో పది వేల బీడీ కార్మికుల ఇళ్ళతో వెలిసిన కుంభారి గోదూతాయి పరులేకర్ కాలనీ కూడ దాని అంచుకు రావచ్చు. ఇటువంటి పని కళాశాలకు మించినదా అనే మిత్రులకు ఒక మాట: పొరుగు జిల్లా బారామతిలో విద్యా ప్రతిష్ఠాన్ కళాశాలవారు 'వసుంధరా వాహిని' నడిపి చూపించారు. భాష మరాఠీ, విధానం అదే.

లైసెన్సు, స్తంభం, డబ్బు. ఇవి పెద్దల పని. మాచనూరు మహిళలు క్యాసెట్లతో పదేళ్ళు నడిచినట్లు, పిల్లలు ఫోనుతో నడవవచ్చు. కనుక ఆ అమ్మాయికి మరునాడు చెప్పాను: "నీవు అడిగేది ఇంట్ల మాట్లాడినట్టే అడుగు. చివర ఒక నిమిషం, ఎవరు, ఏమి చెప్పారు అన్నది పుస్తకం తెలుగులో చెప్పు." రెండూ రావాలి కదా.

మొదటిసారి తెచ్చిన రికార్డింగు పనికిరాలేదు. పక్కింటి మరమగ్గాల మోత తప్ప మరేమీ లేదు. రెండవసారి మగ్గాలు ఆగిన వేళ చూసి చేసింది. వాళ్ళ అమ్మమ్మ బీడీ చుడుతూనే మాట్లాడింది. తునికాకు కత్తిరించే చప్పుడు వెనుక సన్నగా వినిపిస్తుంది. తన చిన్నప్పుడు ఇంట్లో ఆసు పోసిన సంగతి, కండెలు చుట్టినందుకు దొరికిన పైసలు, మగ్గాలు అమ్మిన ఏడు తల్లి ఏడ్చిన సంగతి చెప్పింది. ఆసు, కండె, అచ్చు, పడుగు, పేక అన్న మాటలు విని తరగతిలో సగం మంది పిల్లలు అర్థం అడిగారు. సాలెవాళ్ళ పిల్లలు! ఆ మాటలు మా పాఠ్యపుస్తకంలో లేవు. ఆ అమ్మాయి చివరి నిమిషం కూడ చక్కగానే చెప్పింది, 'ఇంటిలో' అని స్పష్టంగా పలికి.

మొదట్లో ముసలమ్మ మాట్లాడనన్నదట. "నా ముచ్చట ఎవలింటరు?" అని అడగడం రికార్డింగులో ఉంది. అమ్మాయి దానిని కత్తిరించలేదు. పది నిమిషాలు అయ్యాక, ఆపబోతూ ఉండగా, ఆమె మళ్ళీ అడిగింది: "ఇది ఏ టేషన్ల అస్తది బిడ్డా?"

అమ్మాయి జవాబు లేదు. కాసేపు కత్తెర చప్పుడు వినబడి, రికార్డింగు అక్కడ ఆగిపోయింది.